చీమకుర్తి రాయి వెంట వెరోనాకీ షియామెన్‌కీ: ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టాలి?

గ్రానైట్ ఎగుమతుల్లో ఉన్నవాళ్లకి రెండు పరదేశపు ఊళ్లు బాగా తెలుసు. మార్చిలో చైనాలోని షియామెన్, సెప్టెంబరు చివర్లో ఇటలీలోని వెరోనా. రాతి వ్యాపారంలో పెద్ద సంతలు అక్కడే. మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకని పాలిష్ పట్టి నిలబెడితే, ఆ నల్లటి రాతిలో బంగారు చుక్కలు చూసి చేత్తో తడమకుండా పోయే మనిషి ఉండడు. తడిమాక అడిగేది ఒకటే: రాతి బ్లాకుల ఫొటోలు, కొలతలు చూపించమని. అవన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. ఎవరికి ఎంత ధరకి ఇచ్చాం, కంటైనర్ కాగితాలు, బ్యాంకు వివరాలు కూడా దాంట్లోనే. అందుకే ఈ రెండు ఊళ్లలో బసలనీ రైళ్లనీ నేను ఒకే లెక్కన తూస్తాను: అక్కడ ల్యాప్‌టాప్ ఎంత భద్రంగా ఉంటుంది?

ఒంగోలు నుంచి మాకు చెన్నై ఎయిర్‌పోర్టే దారి. సుమారు 290 కిలోమీటర్లు. పగటిపూట పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పోయి చెన్నై సెంట్రల్లో దిగి మెట్రో ఎక్కితే ఎయిర్‌పోర్టు దాకా తీసుకెళ్తుంది, ఖర్చూ తక్కువే. కానీ ల్యాప్‌టాప్ సంచి, ట్రాలీ, శాంపిల్ ముక్కల పెట్టె మూడూ చేతిలో ఉన్నప్పుడు సెంట్రల్ జనంలో ఒక్క మనిషి వల్ల కాదు. ఇద్దరుంటే రైలు, ఒక్కరే అయితే కారు. కారులో కూడా ఆ సంచిని డిక్కీలో వేయొద్దు. సూళ్లూరుపేట దగ్గర టీకి ఆగితే డ్రైవరూ దిగుతాడు, తాళం వేశాడో లేదో ఎవరూ చూడరు. టీ తాగినంతసేపూ సంచి భుజానే ఉండాలి.

ల్యాప్‌టాప్‌ని ట్రాలీలో కాకుండా వీపు సంచిలోనే పెట్టుకోమని ప్రతివాళ్లకీ చెబుతుంటాను. విమానం నిండుగా ఉంటే, గేటు దగ్గర సిబ్బంది చేతి ట్రాలీలకి ట్యాగు కట్టి కింద సామాన్ల అరలోకి పంపేస్తారు. వెనక క్యూ ఉంటుంది, తొందర పెడతారు. ఆ హడావుడిలో ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు రెండూ ట్రాలీలోనే పోతాయి. పవర్ బ్యాంకు కింద అరలోకి పోవడం అసలే నిషేధం, లిథియం బ్యాటరీ అంటుకుంటే అక్కడ ఆర్పే మనిషి ఉండడు కాబట్టి. మామూలుగా 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) వరకు బ్యాటరీని చేతి సంచిలో తీసుకుపోవచ్చు, 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు దాదాపు 74 వాట్-అవర్లు, కాబట్టి దాంతో ఇబ్బంది లేదు. అయితే దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో పోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2025 అక్టోబరు 1 నుంచి వాళ్లు ఒక్క పవర్ బ్యాంకునే రానిస్తున్నారు, అదీ విమానంలో వాడకూడదు. ల్యాప్‌టాప్ నిండా చార్జింగ్ పెట్టుకునే ఎక్కాలి.

సెక్యూరిటీ దగ్గర ఇంకో మాట. ల్యాప్‌టాప్ ఉన్న ట్రే బెల్టు మీద లోపలికి పోయేది కళ్లారా చూశాకే మనం మెటల్ డిటెక్టర్ డోర్ ఫ్రేమ్ దాటాలి. ముందే ట్రే తోసేసి బెల్టూ బూట్లూ విప్పుకుంటూ నిలబడితే, అవతలి పక్క అది మన చూపు లేకుండా పడి ఉంటుంది. ఒకే రకం నల్ల ల్యాప్‌టాప్‌లు నాలుగు వరసగా వస్తే ఎవరిది ఎవరు తీసుకున్నారో తెలీదు. నేను మూత మీద మా కంపెనీ ఎర్ర స్టిక్కరు అంటించాను.

ఇక ఇటలీ. సంత రోజుల్లో వెరోనాలో హోటల్ గది దొరకడమే కష్టం, దొరికినా ధర మండిపోతుంది. అందుకని మనవాళ్లు మూడు రకాలుగా సర్దుకుంటారు: మిలాన్‌లో ఉండి రోజూ రైల్లో రావడం, వెనిస్ పక్కన మెస్త్రేలో ఉండడం, విచెంజాలోనో పాదువాలోనో దిగడం. మూడూ చూశాక నా ఓటు విచెంజాకే. చిన్న ఊరు, వెరోనాకి గంటలోపు రైలు, స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో హోటళ్లు. ఇల్లుగలవాళ్లే నడిపే హోటల్లో దిగాను, తాళంచెవి వాళ్ల చేతికే ఇచ్చి బయటికి పోతాం, వచ్చేపోయేవాళ్లందరూ వాళ్లకి ముఖపరిచయమే.

మెస్త్రేలో గది చవక. బీరువాలో నాలుగంకెల లాకరు ఉంది. మా 15 అంగుళాల ల్యాప్‌టాప్ అడ్డంగా పట్టలేదు, ఏటవాలుగా పెడితే తలుపు పడలేదు. కింద చెయ్యి పెట్టి చూస్తే లాకరు లాకరంతా పైకి లేచింది. మేకు లేదు, నట్టు లేదు, చెక్క మీద ఊరికే పెట్టారు. సంచిలో వేసుకుని పట్టుకుపోవచ్చు. అప్పట్నుంచి గదిలోకి అడుగుపెట్టగానే లాకరు కదుల్తుందా లేదా చూడడం అలవాటైంది. గట్టిగా బిగించి ఉన్నా, మనం కోడు మర్చిపోతే తెరవడానికి హోటల్ వాళ్ల దగ్గర ఇంకో దారి ఉంటుందని మరవకూడదు. పాస్‌పోర్టుకి, డబ్బుకి లాకరు సరే. ల్యాప్‌టాప్ మాత్రం నాతోనే వస్తుంది.

అద్దె అపార్ట్‌మెంట్లు ఇంకా చవక, వంటగది ఉంటుంది, పప్పూ అన్నం వండుకోవచ్చు. కాకపోతే తాళంచెవి వీధి గుమ్మం పక్కన అంకెల పెట్టెలో ఉంటుంది. నిన్నటి అతిథికీ ఆ అంకెలే తెలుసు. నలుగురైదుగురు కలిసి పోయి, ఎప్పుడూ ఒకరు గదిలో ఉండేట్టయితేనే దాన్ని ఎంచుకోవాలి.

మిలాన్‌లో ఉండి రావడం నాకు నచ్చలేదు, అసలు కారణం మిలాన్ సెంట్రల్ స్టేషన్. రైలు కదలడానికి నిమిషాలే ఉంది. మాతో వచ్చిన చీమకుర్తి ఫ్యాక్టరీ ఆయన తన సంచిని తల మీది అరలో పెట్టి కిటికీ పక్కన కూర్చున్నాడు. ప్లాట్‌ఫాం మీంచి ఒకతను అద్దం మీద టకటకా కొట్టి, ఏదో కాగితం చూపిస్తూ సైగలు చేస్తున్నాడు. ఈయన అటు వంగాడు. అంతలో నడవలోంచి ఇంకొకతను తాపీగా వచ్చి అరలోకి చెయ్యి చాపాడు.

"అన్నా, సంచి! సంచి కాడ చూడన్నా!" అని గట్టిగా అరిచాను.

చాపిన చెయ్యి అలాగే పక్క కడ్డీని పట్టుకుంది, వాడు మామూలు ప్రయాణికుడిలా ముందుకి నడిచిపోయాడు. అద్దం కొట్టినవాడూ మాయమయ్యాడు. ఆ ఫ్యాక్టరీ ఆయన సంచిని ఒళ్లో పెట్టుకుని వెరోనా దాకా మాట్లాడలేదు. రైల్లో సంచి కాళ్ల మధ్య ఉండాలి, పట్టీ ఒకటి కాలికి చుట్టుకుని ఉండాలి. తలుపు పక్కన సూట్‌కేసుల అర ఉంటుంది కదా, అందులో బట్టల పెట్టె పెట్టినా, స్టేషన్ వచ్చినప్పుడల్లా తల తిప్పి చూడాల్సిందే.

సంతలో స్టాలు బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంచక తప్పదు. కేబుల్ తాళం పనికొస్తుంది, కానీ ఈమధ్య సన్న ల్యాప్‌టాప్‌లకి ఆ తాళం దూరే కంతే ఉండట్లేదు. కొనేముందు అంచు చూసుకోండి. చివరి సాయంత్రం స్టాళ్లు విప్పేటప్పుడు అందరికీ మరీ మెలకువ కావాలి. కూలీలు, డ్రైవర్లు, పక్క స్టాలు వాళ్లు అందరూ అటూఇటూ తిరుగుతుంటే ఎవరు ఎవరో పోల్చుకోలేం.

షియామెన్‌లో ఈ బెంగ చాలా తక్కువ. కాఫీ కొట్లో ల్యాప్‌టాప్ బల్ల మీదే వదిలి వెళ్లి తెచ్చుకునేవాళ్లని చూశాను. మెట్రో స్టేషన్లోకి అడుగుపెట్టినప్పుడల్లా సంచి ఎక్స్‌రే బెల్టు మీద పోవాలి, అక్కడ మాత్రం ట్రే దగ్గరి జాగ్రత్తే. మన బ్లాకులు కోసే ఫ్యాక్టరీలున్న షుయ్‌టౌకి కారులో పోతే ఆ భయమూ లేదు. అక్కడి కష్టం వేరు. హోటల్ వైఫైలో జీమెయిల్ తెరుచుకోదు, వాట్సాప్ పోదు. మన సిమ్ము రోమింగ్ వేయించుకుని పోతే మామూలుగా రెండూ పనిచేస్తాయి, అందుకని రోమింగ్ ఖర్చుకి వెనకాడొద్దు. ఇంకొకటి, 2025 జూన్ 28 నుంచి 3సి గుర్తు (చైనా వాళ్ల భద్రతా ధ్రువీకరణ ముద్ర) లేని పవర్ బ్యాంకుని చైనాలో దేశీయ విమానాల్లోకి రానివ్వట్లేదు. ఒంగోల్లో కొన్న దాని మీద ఆ గుర్తు ఉందో లేదో చూసుకోండి.

షియామెన్‌కి వట్టి ల్యాప్‌టాప్ తీసుకుపోతాను: ఆ సంతకి కావలసిన ఫొటోలు, కొలతలు తప్ప పాత ధరలు, పాత మెయిళ్లు ఏవీ అందులో ఉండవు. ఏ దేశానికైనా ఇదే మేలని ఇప్పుడు నాకనిపిస్తోంది. 2017 మార్చిలో దుబాయ్, దోహా లాంటి పది ఎయిర్‌పోర్టుల నుంచి అమెరికా పోయే విమానాల్లో ల్యాప్‌టాప్‌ని కేబిన్‌లోకి రానివ్వలేదు. జులైకి ఆ ఆంక్ష ఎత్తేశారుగానీ, ఆ నెలల్లో గల్ఫ్ మీదుగా పోయిన మన పిల్లలందరూ దాన్ని సామాన్లలో వేయాల్సి వచ్చింది. రేపు ఏ దేశం ఏ రూలు పెడుతుందో తెలీదు, యంత్రం మన చెయ్యి దాటినా లోపలిది ఎవరూ చదవలేకుండా ఉండాలి. విండోస్‌లో బిట్‌లాకర్, యాపిల్‌లో ఫైల్‌వాల్ట్ ఆ పని చేస్తాయి. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి ఒంగోల్లో ఇంట్లో ఉంచి పోతాను, మా ఆవిడకి చూపించి మరీ. ఆ అంకెలు ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంటే తాళం వేసి దాని పక్కనే చెవి పెట్టినట్టు.

ఎగుమతి వ్యాపారంలో అసలు నష్టం యంత్రం ధర కాదు. మెయిల్ తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ దొంగ చేతికి పోతే, మన పేరుతో కొనుగోలుదారుకి "మా బ్యాంకు ఖాతా మారింది, ఇక్కడికి పంపండి" అని ఉత్తరం పోతుంది. కంటైనర్ డబ్బంతా అటే పోతుంది. అందుకే పోయిందని తెలిసిన నిమిషంలో ఇంకో ఫోన్‌లోంచి మెయిల్ పాస్‌వర్డు మార్చి, అన్ని చోట్లా లాగౌట్ చేసి, కొనుగోలుదారులకి ఫోన్ చేసి చెప్పాలి. పోలీసు ఫిర్యాదు ఆ తర్వాత. ఇటలీలో 112కి ఫోన్ చేయొచ్చు, స్టేషన్లో రాసిచ్చిన ఫిర్యాదు ప్రతిని తప్పకుండా తీసుకోవాలి. ఇటలీ పోవడానికి తీసుకునే షెంగెన్ వీసాకి 30,000 యూరోల బీమా తప్పనిసరి, కానీ అది వైద్యానికి. ల్యాప్‌టాప్‌కి వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో విడిగా చదవాలి, చాలా వాటిలో ఉండదు.

చార్జర్ మీద 100-240 వోల్టులని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది, కానీ మన లావు మూడు పిన్నుల ప్లగ్గు ఇటలీ గోడలో దూరదు. అడాప్టరు ఇక్కడే కొనుక్కోండి.

తిరిగొచ్చేటప్పుడు 18 ఏళ్లు నిండిన ఒక్కొక్కరు ఒక ల్యాప్‌టాప్‌ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. సంతకని ఆఫీసు ల్యాప్‌టాప్, సొంతది రెండూ మోసుకుపోయేవాళ్లు పోయేటప్పుడే చెన్నై కస్టమ్స్ కౌంటర్లో రెండోదానికి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. సీరియల్ నంబరు చూసి రాసిస్తారు. దానికోసం మామూలు కంటే ముందే ఎయిర్‌పోర్టు చేరుకుంటే చాలు.