జాగ్రత్త: ఎర్ర లైటు వెలిగినంత మాత్రాన 48 వోల్టులు వస్తున్నట్టు కాదు

"స్టూడియో మూసేస్తున్నాం, సామాను అగ్గువకు ఇస్తాం" అంటూ ఆర్నెల్లుగా మూస్తూనే ఉన్న ఆ అబ్బాయి మీలో సగం మందికి తెలిసే ఉంటాడు. నిన్న సాయంత్రం అతని దగ్గర రెండు ఛానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును లాప్‌టాప్‌కు కలిపే బాక్సు) కొన్నాను. 6,500. నా పాతది పోయింది, సోమవారానికి ఒక ఆడియోబుక్‌లో మూడు అధ్యాయాలు చదివి ఇవ్వాలి, కొత్తది కొనేంత డబ్బు లేదు.

అమీర్‌పేట మెట్రో కింద టీ కొట్టు దగ్గర కలిశాం. లాప్‌టాప్ తెరిచి, తను తెచ్చిన స్టేజీ మైకు తగిలించి, హెడ్‌ఫోన్స్ నా చేతికిచ్చాడు. రెండు ఛానెళ్లూ శుభ్రంగా వినిపించాయి. నా కండెన్సర్ మైకు బ్యాగులోనే ఉంది. తీయబోయాను కూడా. "ఎందుకక్కా, అంత మంచి మైకు ఈ దుమ్ములో తీస్తారా?" అన్నాడు. ఎంత శ్రద్ధో! నాకు ముచ్చటేసి బ్యాగు జిప్పు మళ్లీ పెట్టేశాను. అక్కడికక్కడే ఫోన్‌లో డబ్బు కొట్టాను.

స్టేజీ మైకు డైనమిక్ రకం. దానికి కరెంటు అక్కర్లేదు. కండెన్సర్‌కైతే కేబుల్ గుండా 48 వోల్టులు అందాలి. ఈ తేడా కొత్తగా వచ్చిన పిల్లలకు నేనే ఎన్నిసార్లు చెప్పానో. సిగ్గుగా ఉంది.

ఇంటికొచ్చి అల్మారాలో బొంతల మధ్య కూర్చుని (అదే నా స్టూడియో) 48 బటన్ నొక్కాను. ఎర్ర లైటు చక్కగా వెలిగింది. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం ఒకటే బుస, దాని వెనక ఎక్కడో నా గొంతు. కేబుల్ మార్చాను, ఛానెల్ మార్చాను, మా తమ్ముడి లాప్‌టాప్‌కు పెట్టాను. అదే బుస. ఫోన్ చేశాను.

"లైటు వెలుగుతోంది కదా అక్కా? అయితే బాక్సు బాగున్నట్టే. మీ గొంతే చిన్నదేమో, కాస్త గట్టిగా మాట్లాడి చూడండి."

పదకొండేళ్లుగా ఈ చిన్న గొంతుతోనే ఇంటి అద్దె కడుతున్నాను నాయనా! కోపంతో ఆ క్షణాన మాట రాలేదు. అది విని గొంతు నిజంగానే చిన్నదని నిర్ధారించుకున్నాడేమో, నవ్వి పెట్టేశాడు.

పొద్దున మా కింది వాటాలో ఉండే టీవీ మెకానిక్ బాబాయి మల్టీమీటర్ పెట్టి చూశారు. మైకు కేబుల్ పెట్టే ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లో ఒకటో పిన్నుకీ రెండో పిన్నుకీ మధ్య 48 చూపించాలి, నాలుగు అటూ ఇటూ. 11 చూపించింది. ఒకటికీ మూడుకీ మధ్యా అంతే. మైకుదే తప్పేమోనని స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్లి పెట్టి చూస్తే బంగారంలా పలికింది. మీటరు ఫోటో అతనికి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, కాసేపటికి అతని డీపీ మాయమైంది.

కొనబోయేవాళ్లు మీ మైకు మీరే పట్టుకెళ్లండి, 48 ఆన్ చేసి అన్ని ఛానెళ్లలోనూ మీ చెవులతో వినండి, డబ్బు ఆ తర్వాతే. మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది.

ఇంటర్‌ఫేస్ నా దగ్గరే ఉంది. డైనమిక్ మైకు మాత్రమే వాడేవాళ్లెవరికైనా పనికొస్తే, ఉన్న లోపం చెప్పే ఇస్తున్నాను, 2,000 చాలు.