పదేళ్ల పోస్టులు ఒకే గీత మీద: విస్ టైమ్‌లైన్ లైబ్రరీ సమీక్ష

ఫేస్‌బుక్‌లోనో ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్)లోనో ఏళ్ల తరబడి తెలుగులో రాసినవన్నీ తేదీల వరసలో ఒకే గీత మీదికి తెచ్చుకుని, అటూ ఇటూ జరుపుతూ చూసుకోవాలంటే ఉచితంగా దొరికే జావాస్క్రిప్ట్ లైబ్రరీల్లో (వెబ్ పేజీలో వాడుకునే రెడీమేడ్ కోడ్) విస్ టైమ్‌లైన్‌కే మా ఓటు. గీతను పేజీలో నిలబెట్టడం చిన్న పనే. పోస్టుల ఫైలును దానికి పనికొచ్చేట్టు శుభ్రం చెయ్యడమే పెద్ద పని, తెలుగు పోస్టులైతే మరీను. ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో వెబ్ ప్రాజెక్టుకు విషయం వెతుక్కునే పిల్లలకు కూడా ఇది చక్కటి పని. లైబ్రరీ అపాచీ, ఎంఐటీ లైసెన్సుల కింద దొరుకుతుంది కాబట్టి పైసా ఖర్చు లేదు.

దీనికి పోటీ అంటే టైమ్‌లైన్ జేఎస్. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన నైట్ ల్యాబ్ తయారుచేసింది. కోడ్ రాయనక్కర్లేదు. గూగుల్ షీట్‌లో తేదీ, శీర్షిక, వివరం, ఫొటో లింకు నింపి, షీట్‌ను వెబ్‌లో పబ్లిష్ చేస్తే చాలు. చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ ఒక్కో పోస్టు ఒక్కో స్లైడ్ అవుతుంది, ఇరవై స్లైడ్లు దాటొద్దని తయారుచేసినవాళ్లే చెబుతారు. తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి పదిహేను ఫొటోలతో కథ చెప్పాలంటే అదే మేలు. మూడు వేల పోస్టులు పరచాలంటే కుదరదు, అక్కడ విస్ కావాల్సిందే.

ముందు ఫేస్‌బుక్ సంగతి. మీ సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకునే చోట హెచ్‌టీఎంఎల్, జేసన్ అని రెండు రకాలు అడుగుతుంది. జేసనే తీసుకోవాలి, అది ప్రోగ్రాములు చదివే డేటా ఫైలు. తెరిచి చూస్తే తెలుగు ఒక్క ముక్క కనపడదు. ఫైల్లో \u00e0\u00b0 లాంటి ఎస్కేప్ రాతలు (అక్షరం బదులు దాని సంఖ్య), అవి అక్షరాలుగా మారితే నెత్తిన గీతున్న రోమన్ 'ఏ' (à), పక్కన డిగ్రీ గుర్తు, ఇంకేదో గుర్తు, మళ్లీ అదే 'ఏ', ఇట్లా పేజీలకు పేజీలు. చాలామంది ఫైలు పాడైందనుకుని ఇక్కడే వదిలేస్తారు. అది పాడవలేదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ప్రతిదానికీ మూడు బైట్లు పడతాయి. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. ఫేస్‌బుక్ ఆ మూడు బైట్లనూ మూడు వేరువేరు అక్షరాలుగా రాసి ఇస్తుంది. 224 అంటే ఆ గీత 'ఏ', 176 అంటే డిగ్రీ గుర్తు.

మందు తేలికే. ముందు ఫైలును జేసన్ పార్స్ చెయ్యాలి, అంటే కోడ్ వాడుకోగలిగే డేటాగా మార్చాలి. తరవాత వాక్యంలో ఒక్కో అక్షరం కోడ్ తీసి యూఇంట్8అర్రే అనే బైట్ల పట్టికలో వేసి, దాన్ని బైట్లను అక్షరాలుగా మార్చే టెక్స్ట్‌డీకోడర్‌కు యూటీఎఫ్-8 అని చెప్పి ఇస్తే తెలుగు బయటికొస్తుంది. పార్స్ చెయ్యకముందే చేస్తే ఫలితం ఉండదు, ఎందుకంటే అప్పటికి అవి ఇంకా ఎస్కేప్ రాతలే. ఒకసారి బాగుపడ్డ వాక్యాన్ని రెండోసారి ఇందులోంచి పంపితే నిజంగానే పాడవుతుంది. కాబట్టి 255 దాటిన కోడ్ ఒక్కటి కనపడినా ఆ వాక్యాన్ని ముట్టుకోకూడదని షరతు పెట్టండి. ఫొటో వివరాలకు, పేర్లకు కూడా ఇదే వైద్యం.

రెండో గుంట సమయం. ఫేస్‌బుక్ ఇచ్చే అంకె సెకన్లలో ఉంటుంది, జావాస్క్రిప్ట్ మిల్లీసెకన్లు అడుగుతుంది. వెయ్యితో గుణించడం మరిచిపోతే 2010 నుంచి 2024 దాకా రాసినవన్నీ 1970 జనవరి 15కూ 21కీ మధ్య కుప్పపడతాయి. గీత మీద 1970 కనపడిందంటే కారణం ఇదే, ఇంకెక్కడా వెతకొద్దు.

ట్విట్టర్ ఆర్కైవ్‌లో ట్వీట్ల ఫైలు అచ్చమైన జేసన్ కాదు. మొదట్లో ఒక వేరియబుల్ పేరు, సమానం గుర్తు ఉంటాయి, అక్కడిదాకా కోసేస్తేనే పార్స్ అవుతుంది. ట్వీట్ ఐడీలను అంకెలుగా మార్చొద్దు. అవి 19 అంకెల దాకా ఉంటాయి, జావాస్క్రిప్ట్ కచ్చితంగా పట్టుకోగలిగేది 15 అంకెల దాకానే. చివరి అంకెలు చెరిగి రెండు ట్వీట్లకు ఒకే ఐడీ వస్తే పోస్టులను పట్టుకునే విస్ డేటాసెట్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

ట్వీట్ల సమయం గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటుంది. మనకు ఐదున్నర గంటలు కలపాలి. తెల్లవారుజామునే మేలుకునే తిరుపతి లాంటి ఊళ్లో ఇది చిన్న తప్పు కాదు. 2023 డిసెంబర్ 23, వైకుంఠ ఏకాదశి నాడు పొద్దున నాలుగింటికి పెట్టిన ట్వీట్ ఫైల్లో 22వ తేదీ రాత్రి పదిన్నర అని ఉంటుంది. తేదీ ముక్కను అలాగే కోసి వాడితే ఏకాదశి పోస్టు దశమికి పోతుంది. పూర్తి సమయాన్ని డేట్ ఆబ్జెక్టుగా మార్చి, విస్‌లో ఉన్న, ఏ గడియారం ప్రకారం చూపాలో చెప్పే మొమెంట్ ఆప్షన్‌లో ఆఫ్‌సెట్ +05:30 అని స్థిరంగా పెట్టండి. లేకపోతే అమెరికాలో ఉన్న మీ అమ్మాయి తెరిచినప్పుడు గీత అక్కడి గడియారం ప్రకారం కదులుతుంది.

ఇవి దాటితే విస్ చాలా సౌకర్యంగా ఉంటుంది. ఒక్కో పోస్టుకు ఐడీ, కంటెంట్ (రాత), స్టార్ట్ (సమయం), ఇష్టమైతే గ్రూప్ (వరస). అంతే. గ్రూపులను ఊరిపేరుతో కట్టండి, జిల్లా పేరుతో వద్దు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కాబట్టి అంతకుముందు చిత్తూరు జిల్లా అని రాసుకున్న అదే ఊరి పోస్టులు రెండు వరసలుగా చీలిపోతాయి.

మాకు బాగా నచ్చింది బ్యాక్‌గ్రౌండ్ రకం. గీత వెనక లేతరంగు పట్టీలా పరుచుకుంటుంది. బ్రహ్మోత్సవాలకు దీనికి మించింది లేదు. 2023లో అధికమాసం వచ్చింది కాబట్టి రెండు పట్టీలు కావాలి. సాలకట్ల బ్రహ్మోత్సవాలు సెప్టెంబర్ 18 నుంచి 26, నవరాత్రి బ్రహ్మోత్సవాలు అక్టోబర్ 15 నుంచి 23. ముగింపు 26 అని రాస్తే పట్టీ ఆ రోజు మొదలయ్యే క్షణానికే ఆగి, చక్రస్నానం పోస్టులు బయట పడతాయి. ముగింపు 27, సున్నా గంటలు అని ఇవ్వాలి.

గరుడసేవ రాత్రో, 2021 నవంబర్‌లో తిరుపతి మునిగిన వాన రోజులో పోస్టులు ఒకదానిమీద ఒకటి పడతాయి. విస్ వాటిని పైపైకి పేరుస్తుంది, పేర్చేకొద్దీ ఎత్తు పెరిగి పేజీ మొరాయిస్తుంది. అప్పుడు క్లస్టర్ ఆప్షన్ తెరవండి. దగ్గరివన్నీ ఒక సంఖ్యగా ముద్దకట్టి, రెండుసార్లు నొక్కితే విచ్చుకుంటాయి. ఎత్తుకు మ్యాక్స్‌హైట్ హద్దు, ఎంత దగ్గరికి చూడొచ్చో చెప్పే జూమ్‌మిన్‌కు ఒక రోజు, అంటే 86400000 మిల్లీసెకన్లు, తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే మిల్లీసెకన్ల దాకా లోపలికి దూరిపోయి మనిషి ఎక్కడున్నాడో తెలియకుండా పోతుంది.

తెలుగు విషయంలో విస్ సొంతంగా చేసేది తక్కువ. నెలల పేర్లు ఇంగ్లీషులో వస్తాయి. ఫార్మాట్ ఆప్షన్‌కు ఫంక్షన్ ఇచ్చి, పన్నెండు తెలుగు పేర్ల పట్టిక నుంచి తీసుకునేట్టు రాసుకోవడం సులువు. పెట్టె ఎత్తు తక్కువైతే వత్తులు కింద తెగుతాయి, వరస ఎత్తు చెప్పే లైన్‌హైట్ కనీసం 1.6 పెట్టి నోటో సాన్స్ తెలుగు ఫాంట్ వాడితే బాగుంటుంది. పోస్టు మొదటి ముక్క చూపించడానికి 40 అక్షరాలని గుడ్డిగా కోయొద్దు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం కంప్యూటర్‌కు ఆరు గుర్తులు. మధ్యలో తెగితే పొల్లు వేలాడుతుంది. ఖాళీ ఉన్న చోటే తెంచండి.

ఫోన్‌లో మాత్రం మార్కులు తగ్గిస్తాం. పేజీ కిందికి జరపబోతే గీత పట్టుకుంటుంది. క్లిక్‌టుయూజ్ పెడితే తాకినప్పుడే మేలుకుంటుంది. కంప్యూటర్‌లో మౌస్ చక్రానికి ఇదే చిక్కు, జూమ్‌కీ కంట్రోల్ అని ఇస్తే తీరుతుంది. మీ దగ్గర పరీక్షించేటప్పుడు ఫైలును నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే బ్రౌజర్ జేసన్‌ను చదవనివ్వదు. పైథాన్‌తో వచ్చే చిన్న సర్వర్ నడిపి, 8000 పోర్టులో తెరవండి.

డౌన్‌లోడ్ చేసిన ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు ఎక్కడా ఎక్కించకండి. ఫ్రెండ్స్‌కు మాత్రమే అని పెట్టినవీ అందులో కలిసే ఉంటాయి. తేదీ, వాక్యం, ఫొటో పేరు మాత్రమే మిగిల్చి వేరే చిన్న జేసన్ తయారుచేసి, దాన్నే పేజీకి ఇవ్వండి. ఎక్కించేముందు ఆ ఫైల్లో పది అంకెల ఫోన్ నంబర్లు వెతకండి. ఎప్పుడో ఎవరికో రక్తం కావాలని పెట్టిన పోస్టుల్లో అవి మిగిలే ఉంటాయి.