బ్లాక్ బాగుంది, ఇంటికి పంపే చీటీ బాలేదు

తిరుపతిలో ఓ పిల్లల సర్జరీ విభాగం హెర్నియా ఆపరేషన్లకు కాడల్ బ్లాక్ (నడుము కింది భాగానికి తిమ్మిరెక్కించే వెన్ను ఇంజెక్షన్) ఇచ్చే తీరు మెచ్చుకోదగ్గది. బిడ్డ పూర్తిగా మత్తులోకి వెళ్లాక పక్కకు తిప్పి, ముడ్డిపూస పైనున్న సందులో 22 గేజ్ సూది పెడతారు. తిమ్మిరెక్కించే మందు 0.2 శాతం రోపివకైన్, కిలోకు 1 మి.లీ. పది కిలోల బిడ్డకు 20 మి.గ్రా. అన్నమాట, కిలోకు 3 మి.గ్రా. అనే హద్దు లోపే. సిరంజి వెనక్కి లాగి రక్తం, వెన్నునీరు రాలేదని చూశాకే కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు. రక్తం కనిపించకపోయినా సూది రక్తనాళంలో ఉండొచ్చు, అప్పుడు మందు నేరుగా రక్తంలో కలిసి ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పొచ్చు. అందుకు విరుగుడుగా ఎక్కించే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రావణం) చేతికందేలా పెట్టుకోవడం మాకు బాగా నచ్చింది.

లోపమల్లా డిశ్చార్జి దగ్గరే. బ్లాక్ పనిచేసేది 4 నుంచి 6 గంటలు. పీలేరు బస్సు భాకరాపేట ఘాట్ ఎక్కేసరికి తిమ్మిరి వదిలి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. చీటీలో 'నొప్పి ఉంటే పారాసెటమాల్' అంటే చాలదు. కిలోకు 15 మి.గ్రా., 6 గంటలకోసారి, థియేటర్‌లో ఇచ్చిన పారాసెటమాల్ డోసు నుంచి లెక్కగట్టి టైము రాయాలి. పది కిలోలకు 250 సిరప్ (5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండేది) అయితే 3 మి.లీ., 120 సిరప్ (5 మి.లీ.లో 120 మి.గ్రా.) అయితే 6 మి.లీ. కాళ్లలో పట్టు వచ్చేదాకా బిడ్డను నిలబెట్టొద్దని తల్లికి చెప్పాలి.