మాక్రో లెన్సా, ఎక్స్‌టెన్షన్ ట్యూబులా? సైంటిఫిక్ ఫొటోగ్రఫీ మొదటి సెమిస్టర్‌కి ఏది మేలు?

సైంటిఫిక్ ఫొటోగ్రఫీ కోర్సు కొత్తగా పెట్టే అధ్యాపకులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. క్లోజప్ ల్యాబ్ కోసం 100 మి.మీ. మాక్రో లెన్సులు (చిన్న వస్తువులను దగ్గర నుంచి తీయడానికే చేసినవి) కొనాలా? మామూలు 50 మి.మీ. లెన్సుకూ కెమెరాకూ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబులు తగిలిస్తే చాలదా? ఫొటో నాణ్యత ఒక్కటే చూస్తే మాక్రో లెన్సుదే పైచేయి, ఇందులో వాదన లేదు. అయితే చదువు చెప్పే ల్యాబ్‌కు మరో పరీక్ష ఉంది. విద్యార్థి తన ఫొటో కింద మాగ్నిఫికేషన్ (సెన్సర్ మీద పడే బొమ్మ అసలు వస్తువుకు ఎన్ని రెట్లు అన్న) అంకె వేయాలి, ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పగలగాలి. నా దృష్టిలో అన్నిటినీ తేల్చేది ఇదే. అందుకే మొదటి సెమిస్టర్‌కు నా ఓటు ట్యూబులకు.

ట్యూబులో అద్దం లేదు, ఉన్నది ఖాళీ గొట్టం. లెన్సు ఫోకస్ రింగును అనంతం గుర్తు దగ్గర పెడితే, ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు పేరులోని మి.మీ. అంకెతో) భాగించగా వచ్చేదే మాగ్నిఫికేషన్. బాగా దొరికే సెట్టులో 12, 20, 36 మి.మీ. ట్యూబులు మూడు ఉంటాయి. 50 మి.మీ. లెన్సుకు 12 పెడితే 0.24, 20 పెడితే 0.4, 36 పెడితే 0.72. మూడూ కలిపితే 1.36. ఈ అంకెలు విద్యార్థి చేతిలో వస్తువుగా ఉంటాయి, స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు.

మొదటి రోజు చేయించాల్సిన పని ఒకటుంది. 12, 36 ట్యూబులు కలిపి (48 మి.మీ., అంటే 0.96) స్టీలు స్కేలును తీయించండి. 36 మి.మీ. వెడల్పులో 6,000 పిక్సెళ్లున్న ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 6 మైక్రాన్లు. కాబట్టి స్కేలు మీద 10 మి.మీ. ఫొటోలో 1,600 పిక్సెళ్లు రావాలి. అవే 6,000 పిక్సెళ్లు 23.5 మి.మీ. వెడల్పు సెన్సర్‌లో ఉంటే దాదాపు 2,450 వస్తాయి, మాగ్నిఫికేషన్ మాత్రం అదే 0.96. ఈ తేడా దగ్గర సగం తరగతి తడబడుతుంది, కాబట్టి రెండు రకాల కెమెరాలతోనూ చేయించడం మంచిది. లెక్కకు మించి పిక్సెళ్లు వచ్చాయంటే ముందు ఫోకస్ రింగు చూడండి. లెన్సు మొత్తం ముందుకు జరిగే రకమై, సొంతంగా 0.15 దాకా ఇవ్వగలిగితే, రింగు చివరిదాకా తిరిగి ఉన్నప్పుడు 1,600 కాస్తా 1,850 అవుతుంది. ఫోకస్ చేయడానికి రింగు తిప్పకూడదు, కెమెరానే రెయిలు మీద జరపాలి. ఈ అలవాటు మొదటి వారంలో పడకపోతే ఆ తర్వాత పట్టడం కష్టం.

రెండో పని ఎక్స్‌పోజర్, అంటే సెన్సర్‌కు చేరే వెలుతురు. ఆటో మోడ్‌లో కెమెరా అంతా సర్దేస్తుంది, వెలుతురు తగ్గిన సంగతే తెలియదు. మాన్యువల్‌లో పెట్టి, గ్రే కార్డు మీద దీపం కదలకుండా ఉంచి, అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 నుంచి మార్చకుండా తీయించండి. ట్యూబు లేనప్పుడు 1/60 సెకను సరిపోతే, 48 మి.మీ. ట్యూబుతో అదే హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు పంపకం చూపే గ్రాఫు) 1/15 దగ్గర వస్తుంది. మాగ్నిఫికేషన్‌కు 1 కలిపి వర్గం చేస్తే వెలుతురు ఎన్నో వంతుకు తగ్గిందో తెలుస్తుంది, ఇదే సూత్రం: 1.96ను వర్గం చేస్తే 3.84, దాదాపు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). అంతకన్నా ఎక్కువ నష్టం కనిపిస్తే సూత్రం తప్పని కాదు, లెన్సు నీడ కార్డు మీద పడుతోందని. దీపాలను రెండు పక్కల నుంచి 45 డిగ్రీల్లో పెడితే పోతుంది. ఈ సాధనకు 50 మి.మీ. లెన్సే ఎందుకంటే, దానిలో ముందు నుంచీ వెనక నుంచీ చూసినప్పుడు అపెర్చర్ దాదాపు ఒకే పరిమాణంలో కనిపిస్తుంది కాబట్టి సూత్రం సరిగ్గా నడుస్తుంది. టెలిఫొటోలతో ఈ లెక్క జారుతుంది.

ఇదే పాఠం మాక్రో లెన్సుతో చెబితే కారణమంతా లెన్సు లోపల దాగిపోతుంది. 1:1 (మాగ్నిఫికేషన్ 1) దగ్గర సెన్సర్ నుంచి వస్తువుకు దూరం సుమారు ఫోకల్ లెంగ్త్‌కు నాలుగు రెట్లు. 100 మి.మీ. లెన్సయితే 40 సెం.మీ. ఉండాలి. చాలా లెన్సుల మీద 30 సెం.మీ. చుట్టుపక్కల రాసి ఉంటుంది, అంటే లోపలి అద్దాలు జరిగి ఫోకల్ లెంగ్త్ 75 దాకా దిగిపోయిందన్నమాట. పైగా నికాన్ కెమెరాలు ఆ కంపెనీ మాక్రో లెన్సులతో, దగ్గరి దూరంలో తగ్గిన వెలుతురును కలుపుకొన్న అపెర్చర్ అంకెనే చూపిస్తాయి. కానన్ కెమెరాలు మనం పెట్టిన అంకెనే చూపిస్తాయి. ఇది తెలియక నికాన్‌లో మళ్లీ లెక్క కట్టిన విద్యార్థి నష్టాన్ని రెండుసార్లు కలిపేస్తాడు.

అపెర్చర్ సంగతి ఏ పరికరంతోనైనా తప్పదు. 1:1 దగ్గర ఎఫ్/8తో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (స్పష్టంగా కనిపించే లోతు) సుమారు 1 మి.మీ. లోతు కోసం అపెర్చర్‌ను 16కు తిప్పితే, మాగ్నిఫికేషన్‌కు 1 కలిపి గుణించగా అసలు విలువ 32 అవుతుంది. డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెలుతురు వంగి పరుచుకోవడం) వల్ల ఒక్కో చుక్క 43 మైక్రాన్ల మచ్చవుతుంది, 6 మైక్రాన్ల పిక్సెళ్లు ఏడింటి మీద పరుచుకుంటుంది. ఎఫ్/4, 8, 16లతో ఒకే ఈకను తీయించి, మూడింటినీ నూరు శాతం సైజులో పక్కపక్కన పెట్టించండి.

మాక్రో లెన్సు నిజంగా గెలిచే చోట్లూ ఉన్నాయి. లెన్సు ముందు చోటు ఎక్కువ దొరుకుతుంది, దీపం పెట్టుకోవడం తేలిక, బతికున్న పురుగు బెదరదు. ఫోకస్ అయ్యే తలం చదునుగా ఉంటుంది కాబట్టి చెక్కిన లోహపు పలక, సర్క్యూట్ బోర్డు లాంటివి మూలల దాకా స్పష్టంగా వస్తాయి. 50 మి.మీ. లెన్సు ట్యూబు మీద మూలల్లో మెత్తబడుతుంది. కొలతలోనూ మాక్రో లెన్సుకు కాస్త మేలుంది. ట్యూబు అమరికలో వస్తువు లెన్సుకు పది సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి, స్కేలు 2 మి.మీ. వెనక్కి ఉంటేనే రెండు శాతం తప్పు. అంటే 12 మి.మీ. పురుగుకు పావు మిల్లీమీటరు. స్కేలును ఎప్పుడూ కొలిచే అంచు ఉన్న తలంలోనే పెట్టించాలి.

బెలోస్ (పొడవు మార్చుకోగల మడతల గొట్టం) అందంగా ఉంటుంది గానీ పాఠానికి ట్యూబుల కంటే కొత్తగా ఇచ్చేది తక్కువ. రివర్స్ రింగు (లెన్సును తిరగేసి తగిలించేది) 1:1 దాటాక పనికొస్తుంది. క్లోజప్ ఫిల్టర్లు (లెన్సు ముందు బిగించే భూతద్దాలు) వెలుతురు తగ్గించవు, అది చూపించడానికి ఒకటి చాలు. కానన్ ఎంపీ-ఈ 65 మాక్రో లెన్సు 1 నుంచి 5 రెట్ల దాకా ఇస్తుంది, ప్రాజెక్టుల సంవత్సరానికి ఉంచుకోండి.

ట్యూబులు కొనేటప్పుడు రెండు చూడండి. ఎలక్ట్రానిక్ కాంటాక్టులు లేని ట్యూబుకు, అపెర్చర్ రింగు లేని కొత్త లెన్సు తగిలిస్తే అపెర్చర్ మన మాట వినదు. రింగున్న పాత మాన్యువల్ లెన్సయితే ఏ ట్యూబైనా చాలు, పాఠానికి ఇంకా మేలు. రెండోది, లోపలి గోడ మెరుస్తుంటే తెల్లటి నేపథ్యం ఉన్న ఫొటోలు పొగ పట్టినట్టు వస్తాయి. నల్ల వెల్వెట్ కాగితం చుట్టి అంటిస్తే సరిపోతుంది, అద్దానికి తగలకుండా, కాంటాక్టుల మీదికి రాకుండా చూసుకోవాలి.

ఇద్దరు విద్యార్థులకు ఒక ట్యూబు సెట్టు, తరగతి మొత్తానికి ఒకటో రెండో మాక్రో లెన్సులు ఉంటే సెమిస్టర్ నడుస్తుంది. స్కేలు ఫొటో చూసి మాగ్నిఫికేషన్‌ను రెండు శాతం లోపల చెప్పగలిగినవాళ్లకు ఆ లెన్సు చేతికివ్వండి.