షెల్లాక్ ప్రైమర్: పైన్ చెక్క ముడులకు నాకు దొరికిన మందు

కొత్త చెక్కకు రంగు వేసే ముందు ఎమరీ పేపర్ రుద్దాలి, దుమ్ము తుడవాలి, ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కొట్టి లప్పం పెట్టాలి. ఇవన్నీ అందరికీ తెలిసినవే, మళ్లీ చెప్పను. కొన్నేళ్లుగా ఇంట్లో పైన్ చెక్క అరలకు, తలుపులకు, కిటికీ రెక్కలకు నేనే రంగు వేసుకుంటున్నాను. ఇన్నాళ్లలో నన్ను ఏడిపించినవి చెక్కలోని ముడులే, అంటే కొమ్మ మొలిచిన చోట కనిపించే ముదురు గుండ్రటి మచ్చలే.

మొదట్లో వాడింది నీళ్లతో కలిపే ప్రైమర్. మరకలను ఆపుతుందని డబ్బా మీద పెద్దక్షరాలతో రాసుంది. వాసన లేదు, బ్రష్ కుళాయి కింద కడిగేస్తే సరి. పుస్తకాల అరకు రెండు కోటింగులు కొట్టి, పైన తెల్ల రంగు వేస్తే చూడముచ్చటగా ఉంది. ఎండలు ముదిరాక ఒక ముడి దగ్గర లేత పసుపు కనిపించింది. మురికేమో అని తుడిస్తే పోలేదు. ఆ తర్వాత మిగతా ముడులూ ఒక్కొక్కటే తేలాయి, టీ కప్పు పెట్టి తీసినట్టు గోధుమరంగు గుండ్రాలు. మళ్లీ తెల్ల రంగు వేస్తే కొన్నాళ్లు అణిగి, తిరిగి వచ్చాయి. ఒకచోట వేలు పెడితే జిగటగా కూడా తగిలింది. ముడిలో ఉండే బంక వేడికి మెత్తబడి పైకి వస్తుంది. దాని రంగు పై పూతల్లోకి ఎక్కుతుంది. ఎన్ని కోటింగులు వేసినా ఆ దారి మూసుకోనంత వరకు అంతే.

ఆ దారి మూసింది షెల్లాక్ ప్రైమర్. లక్క పురుగుల నుంచి వచ్చే లక్కను స్పిరిట్‌లో కరిగించి, తెల్ల పొడి కలిపి చేస్తారు. అర మొత్తం గీకి దీన్నే పూశాను. అప్పటినుంచి వేసవులు గడిచినా ఆ అర తెల్లగానే ఉంది.

నేను అనుకోని సంతోషం ఇంకోటి ఉంది. నీళ్ల ప్రైమర్ తగలగానే చెక్క నూగు లేచి గరుకెక్కుతుంది, ఆరాక బాగా రుద్దాలి. ఇది నూగును పెద్దగా లేపదు. ఆరాక 220 నంబరు పేపర్‌తో మెల్లగా రుద్దితే మెత్తని తెల్ల పొడి రాలుతుంది, పేపర్‌కు అంటుకుని ముద్ద కట్టదు. ఆ నునుపు మీద పై రంగు వేస్తుంటే చేతికే తెలుస్తుంది తేడా.

అయితే చాలా త్వరగా ఆరుతుంది. పూసిన చోటే బ్రష్ మళ్లీ తిప్పితే గీతలు పడతాయి. స్పిరిట్ వాసన ఘాటు, మంట దగ్గర అసలు వాడకూడదు. బ్రష్ కడగడానికీ స్పిరిట్ కావాల్సిందే. చాలాకాలం మూలన పడున్న డబ్బా తెరిచి వాడితే పూత ఎంతకీ గట్టిపడలేదు, జిగటగానే ఉండిపోయింది. అప్పటినుంచి చిన్న డబ్బాలే కొంటున్నాను.

ముడులు ఇక కనిపించవని ఒకప్పుడు అందరికీ గట్టిగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు కొంచెం తగ్గాను. రోజంతా ఎండ పడే కిటికీ రెక్కలో ఒక పెద్ద ముడి మళ్లీ లేత పసుపు చూపించింది. అందుకే బంక కారే ముడులను ముందు గీకి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, వాటి మీద మాత్రం రెండు పూతలు వేస్తున్నాను. బయటి తలుపుకైతే మొత్తం పూయను. ఈ పూత పెళుసు, వానకు ఎండకు నిలవదు. ముడుల మీద మాత్రం అద్ది, మిగతాదంతా బయటికి పనికొచ్చే ప్రైమర్ కొడుతున్నాను.

నాది పైన్ చెక్క, పైన తెల్ల రంగు, పని చేసేది కిటికీలు బార్లా తెరిచే గదిలో. చిన్న పిల్లలున్న ఇంట్లో, గాలాడని గదిలో అయితే ఆ వాసనకు నేనే వద్దంటాను. ముదురు రంగు వేసేవాళ్లకు ఈ మరకలు అంతగా కనిపించవు కాబట్టి ఇంత అవస్థ అవసరం లేకపోవచ్చు. ముడుల్లేని చెక్కకు నేను ఇప్పటికీ నీళ్ల ప్రైమరే వాడుతున్నాను.