పెళ్లి షూటింగ్‌కి హెచ్.264నా, హెచ్.265నా, ఆల్-ఐనా: ఏది మేలు?

హెచ్.264, హెచ్.265, ఆల్-ఐ అంటే కెమెరా వీడియోని కుదించి కార్డు మీద రాసే పద్ధతులు. ముందు తీర్పు చెప్పేసి తర్వాత కారణాల్లోకి వస్తాను. పెళ్లి తంతు మొత్తానికి హెచ్.264లో 4కె, సెకనుకి 25 ఫ్రేములు, 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు, దీన్నే బిట్‌రేట్ అంటారు) చాలు. ప్రీ-వెడ్డింగ్ పాటకి ఆల్-ఐ పెట్టండి. హెచ్.265 పెట్టాలా వద్దా అన్నది మిక్సింగ్ (ఎడిటింగ్) చేసే కంప్యూటర్‌ని చూసి తేల్చుకోండి. లెక్కలన్నీ సోనీ ఏ7ఎస్3 మెనూ ప్రకారం చెబుతున్నాను. అందులో ఎక్స్‌ఏవీసీ ఎస్ అంటే హెచ్.264, హెచ్‌ఎస్ అంటే హెచ్.265, ఎస్-ఐ అంటే ఆల్-ఐ. వేరే కంపెనీల్లో పేర్లు మారతాయి, పని తీరు ఇదే.

ఈ తగువు పాతదే. 2003లో హెచ్‌డీవీ అనే ఫార్మాట్ వచ్చినప్పుడు, అప్పటిదాకా వాడుతున్న మినీ డీవీ క్యాసెట్ మీదే ఎంపెగ్-2 అనే పాత కుదింపు పద్ధతిలో 25 ఎంబీపీఎస్‌తో హెచ్‌డీ రికార్డయ్యేది. గంట క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించడానికి గంట పట్టేది. 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీ తెచ్చాయి. క్యాసెట్ పోయింది, ఫైలు కాపీ చేసుకుంటే సరిపోయేది. కానీ లోపల ఉన్నది హెచ్.264. అప్పటి కంప్యూటర్లు దాన్ని ఆడించలేక చతికిలపడేవి. ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ముందు దాన్ని కటింగ్‌కి తేలికైన కానోపస్ హెచ్‌క్యూ ఫార్మాట్‌లోకి మార్చుకుని, ఉబ్బిపోయిన ఫైళ్లతో అప్పుడు కటింగ్ మొదలుపెట్టేవాళ్లు. ఇవాళ మామూలు 8 బిట్ హెచ్.264 ఏ సిస్టమ్‌లోనైనా పరుగెడుతుంది. ఆనాటి దాని స్థానంలో ఇప్పుడు హెచ్.265 ఉంది.

చిక్కు ఎక్కడంటే, హెచ్.264, హెచ్.265 రెండూ మామూలుగా కిరాణా కొట్టు చిట్టా రాసినట్టు రాస్తాయి. పేజీ మొదట నిల్వ, ఆ కింద రాకపోకలు. అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేము దాచి, మధ్యలో మారినదాన్ని మాత్రమే నమోదు చేస్తాయి. కార్డులో బోలెడంత చోటు మిగులుతుంది. కానీ టైమ్‌లైన్ మీద నడిమధ్యలో కట్ పెడితే, ఆ ఒక్క ఫ్రేము చూపించడానికి కంప్యూటర్ వెనక్కి వెళ్లి, పూర్తి ఫ్రేము దగ్గర్నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. ఆల్-ఐలో ప్రతి ఫ్రేమూ పూర్తిగానే ఉంటుంది. ఎక్కడ పట్టుకున్నా వెంటనే కదులుతుంది.

మారినదాన్నే రాసే ఈ పద్ధతికి మన పెళ్లిలో అసలు పరీక్ష తలంబ్రాలు. జీలకర్ర-బెల్లం అప్పుడు చేతులు తప్ప ఫ్రేములో పెద్దగా కదలిక ఉండదు, ఏ ఫార్మాటైనా నెట్టుకొస్తుంది. తలంబ్రాలు మొదలవగానే పసుపు బియ్యం, అందులో కలిపిన థర్మకోల్ ముత్యాలు ఒక్కసారిగా గాల్లోకి లేస్తాయి. ఏ గింజా ముందు ఫ్రేములో ఉన్న చోట ఉండదు. వెనక ఎల్‌ఈడీ వాల్ మీద బొమ్మ కూడా కదులుతుంటే ఇక చెప్పక్కర్లేదు. బిట్‌రేట్ చాలకపోతే సరిగ్గా ఆ క్షణంలోనే పెళ్లికూతురి బుగ్గల మీద చదరాలు తేలతాయి, బాసికం అంచు అలుక్కుపోతుంది. ఇంటిల్లిపాదీ పదేపదే వెనక్కి తిప్పి చూసే ఘట్టం అది! మెనూలో 60 ఎంబీపీఎస్ కూడా ఉంటుంది. కార్డు కలిసొస్తుందని దాని జోలికి పోవద్దు.

హెచ్.265 ప్రమాణం 2013లో వచ్చింది. దాదాపు సగం బిట్‌రేట్‌కే అదే నాణ్యత ఇస్తుంది, 10 బిట్ (ఒక్కో రంగుకి ఎక్కువ మెట్లు), 4:2:2 (రంగు వివరాలు ఎక్కువగా దాచే పద్ధతి) కూడా దొరుకుతాయి. కాగితం మీద దానిదే గెలుపు. అయితే ఆ 4:2:2 ఫైలుని విప్పే ప్రత్యేక భాగం మీ సిస్టమ్‌లో ఉండాలి. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో అది ఉంది. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్ కొంటే మాత్రం లోపల గ్రాఫిక్సే ఉండదు, ఆ లాభమూ పోతుంది. ఆపిల్ ఎం1 నుంచి ఉంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 3060, 4060 లాంటివి 4:2:2ని విప్పవు. 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే ఆ సదుపాయం మొదలైంది. అవేవీ లేని సిస్టమ్‌లో మూడు కెమెరాల ఫుటేజీని మల్టీక్యామ్‌లో వేస్తే తల ప్రాణం తోకకొస్తుంది, ప్రాక్సీలు (కటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్లు) చేసుకోక తప్పదు. పైగా ఈ కెమెరాలో పాల్ (మన దగ్గర వాడే 25, 50 ఫ్రేముల పద్ధతి) పెట్టుకుంటే హెచ్.265 4కెలో 25 ఫ్రేములు లేవు, 50 నుంచే మొదలు.

10 బిట్ కావాలంటే హెచ్.264లోనే 140 ఎంబీపీఎస్ 4:2:2 ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఇప్పుడు వాడుకలో ఉన్న చాలా ఇంటెల్ గ్రాఫిక్స్ దాన్ని విప్పవు. భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

ఇక ఆల్-ఐ. భవానీ ద్వీపంలోనో, ప్రకాశం బ్యారేజీ మీదో సాయంత్రం పూట పాట తీస్తున్నారనుకుందాం. నదికి ఎగువన, పడమటి ఆకాశం నారింజ నుంచి ఊదాలోకి మెల్లగా కరుగుతుంది. పెళ్లికి చెప్పిన 100 ఎంబీపీఎస్ హెచ్.264 8 బిట్, ఆల్-ఐ 10 బిట్ 4:2:2. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే. లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పటి రంగులతో తీసే పద్ధతి) తీసి కలర్ గ్రేడింగ్‌లో లాగితే ఆ ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది. 10 బిట్‌లో 1024 మెట్లు ఉంటాయి కాబట్టి నునుపుగా నిలుస్తుంది. ఎర్ర పట్టుచీర మీద జరీ అంచుకి 4:2:2 చేసే మేలు కూడా ఇక్కడే తెలుస్తుంది.

అంత బాగుంటే పెళ్లికి కూడా అదే పెట్టొచ్చుగా? 4కె 25లో ఆల్-ఐ 250 ఎంబీపీఎస్ తింటుంది, గంటకి 112 జీబీ పైనే. 100 ఎంబీపీఎస్ అయితే గంటకి 45 జీబీ. ఆరు గంటల పెళ్లిని రెండు కెమెరాలతో తీస్తే 540 జీబీ ఒక పక్క, 1350 జీబీ ఇంకో పక్క. బ్యాకప్ తీస్తే రెండింతలు. ఎదుర్కోలు దగ్గర్నుంచి అప్పగింతల దాకా అంత ఫుటేజీ దాచే స్థోమత చిన్న స్టూడియోలకి ఎక్కడిది? కార్డు ఖర్చు వేరే. వీ30 గుర్తున్న కార్డు సెకనుకి 30 మెగాబైట్ల వరకే హామీ ఇస్తుంది, 250 మెగాబిట్లంటే 31 మెగాబైట్లు దాటాలి. పాట ఫుటేజీ గంటో రెండు గంటలో ఉంటుంది కాబట్టి అక్కడ ఈ ఖర్చు గిట్టుబాటవుతుంది.

ఇంటివాళ్లకి ఇచ్చే పెన్‌డ్రైవ్ మాత్రం ఎలా తీసినా హెచ్.264, 1080లోనే ఇవ్వండి. పాత టీవీలు హెచ్.265 ఆడించవు. వాటిలో కొన్ని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ తప్ప వేరేది చదవవు, అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి ఘట్టాల వారీగా విడగొట్టి ఎక్కించాలి.

రెండో కెమెరా బయటి నుంచి పిలిపిస్తే, మండపంలోకి వెళ్లకముందే ఆ అబ్బాయి మెనూ తెరిచి చూడండి. మీది 25, 8 బిట్ హెచ్.264, అతనిది 50, 10 బిట్ హెచ్.265 అయితే కదలికా కలవదు, రంగూ కలవదు. మాంగల్యధారణ అప్పుడు ఒక కెమెరా నుంచి ఇంకోదానికి కట్ చేసిన ప్రతిసారీ ఆ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.