బోర్డు రాకముందే డ్రైవర్ రాయాలా? యూ-బూట్ శాండ్‌బాక్స్ మీద నా మాట

పైసా ఖర్చు లేని టూల్‌కి రివ్యూ ఎందుకంటారేమో, డబ్బు పోకపోయినా టైమ్ పోతుంది కదండీ. విశాఖలో మధురవాడ, రుషికొండ వైపు ఎంబెడెడ్ పని చేసే చిన్న ఆఫీసుల్లో అందరిదీ ఒకటే గోల. బూట్‌లోడర్ డ్రైవర్ (ఒక్కో చిప్‌తో మాట్లాడే కోడ్) రాయాల్సినవాళ్లు నలుగురు, బోర్డు ఒక్కటి. దానికి తోడు సముద్రపు గాలికి కిటికీ పక్కన పెట్టిన బోర్డు పిన్నులు పచ్చగా తుప్పెక్కుతుంటాయి, అప్పుడు తప్పు కోడ్‌దో కనెక్టర్‌దో తేలదు. మా సప్లయర్ అయితే "ఈ వారం పక్కా సార్" అంటూనే నెల దాటించేశాడు. ఆ ఖాళీలోనే శాండ్‌బాక్స్‌ని సీరియస్‌గా పట్టుకున్నాం.

యూ-బూట్ అంటే బోర్డుకి కరెంట్ ఇచ్చాక లైనక్స్ కంటే ముందు లేచి, దాన్ని లోడ్ చేసే ప్రోగ్రామ్. అదే యూ-బూట్‌ని ఆర్మ్ చిప్ కోసం కాకుండా మన ల్యాప్‌టాప్‌లో నడిచే మామూలు లైనక్స్ ప్రోగ్రామ్‌గా బిల్డ్ చేసుకుంటే అది శాండ్‌బాక్స్. 2011 నుంచి యూ-బూట్ సోర్స్‌లోనే ఉంది, విడిగా దించుకోవాల్సింది ఏమీ లేదు. శాండ్‌బాక్స్ కాన్ఫిగ్ పెట్టి మేక్ కమాండ్ కొట్టడమే. ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన కుర్రాడు టెర్మినల్‌లో ప్రాంప్ట్ చూసి "ఏటన్నా, బోర్డు లేకుండానే బూట్ అయిపోనాదేటి?" అన్నాడు. బిల్డ్ మధ్యలో ఎస్‌డీఎల్ లైబ్రరీ లేదని ఆగిపోతే కంగారు పడకండి, అది స్క్రీన్ చూపించడానికి, అది లేకుండా బిల్డ్ చేసే ఆప్షన్ కూడా ఉంది.

అసలు విషయం ఎమ్యులేటర్లు, అంటే నిజం చిప్‌లా నటించే కోడ్. మీ డ్రైవర్ ఐ2సీ బస్ (రెండు వైర్లతో చిప్‌లని కలిపే దారి) మీద ఉన్న గడియారం చిప్‌తో మాట్లాడుతుందనుకోండి, శాండ్‌బాక్స్‌లో ఆ బస్సూ ఉత్తుత్తిదే, అవతల చిప్పూ ఉత్తుత్తిదే. డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్‌లో ఏమేం ఉన్నాయో రాసే ఫైల్) ఈ చిప్‌కి ఈ ఎమ్యులేటర్ అని కట్టేస్తే డ్రైవర్ పంపే ప్రతి బైటూ మనం రాసిన ఒక సీ ఫంక్షన్‌లోకి వచ్చి పడుతుంది, జవాబు అక్కడి నుంచే వెళ్తుంది. డ్రైవర్‌కి తేడా తెలియదు. ఎస్‌పీఐ అనే ఇంకో బస్ మీద ఉండే ఫ్లాష్ మెమరీ అయితే ఇంకా హాయి, మామూలు ఫైల్‌నే ఫ్లాష్ అని చూపించొచ్చు. ఈప్రామ్ (కరెంట్ పోయినా డేటా నిలిచే చిన్న మెమరీ చిప్), యూఎస్‌బీ, పీసీఐ డివైస్‌లకి కూడా రెడీగా నమూనాలు ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది మాత్రం చిప్‌ని కావాలని చెడగొట్టే వీలు. నిజం బోర్డు మీద, చిప్ మధ్యలో జవాబివ్వడం మానేస్తే డ్రైవర్ ఏం చేస్తుందో చూడాలంటే వైరు పీకాలి, అదీ సరిగ్గా ఆ క్షణంలో పీకాలి, జరిగే పని కాదు. ఇక్కడ ఎమ్యులేటర్‌లో రెండు లైన్లు రాసి మూడో బైట్ దగ్గర ఎర్రర్ ఇవ్వమంటే ఎన్నిసార్లు నడిపినా అక్కడే ఇస్తుంది. టైమౌట్ టెస్ట్ చేయడానికి కూర్చుని ఎదురు చూడక్కర్లేదు, లోపలి గడియారాన్ని మనమే ముందుకి జరపొచ్చు. పైగా ఇది మామూలు ప్రాసెస్ కాబట్టి జేటాగ్ (బోర్డుకి తగిలించే డీబగ్ వైరు) గొడవ లేకుండా జీడీబీ డీబగ్గర్ పెట్టుకోవచ్చు, వాల్‌గ్రైండ్ అనే టూల్ కింద నడిపి మెమరీ తప్పులు పట్టుకోవచ్చు.

ఇంతవరకు పొగిడాను, ఇప్పుడు అసలు తిరకాసు. డ్రైవర్ రాసినవాడే ఎమ్యులేటర్ కూడా రాస్తే టెస్టులన్నీ పాసవుతాయి, ఆ పాస్‌కి విలువేమీ లేదు. సొంత పేపర్ సొంతంగా దిద్దుకున్నట్టే. డీఎస్1307 గడియారం చిప్‌నే తీసుకోండి, అది సెకన్లని బీసీడీలో, అంటే ఒక్కో అంకెని విడిగా నాలుగు బిట్లలో, దాస్తుంది. ఆ సంగతి డేటాషీట్‌లో (చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చదవకుండా దాటేసినవాడు డ్రైవర్‌లోనూ మామూలు అంకె అనుకుంటాడు, ఎమ్యులేటర్‌లోనూ అదే అనుకుంటాడు, రెండూ చక్కగా కుదురుతాయి. నిజం చిప్ దగ్గరికి వెళ్లాక టైమ్ 7, 8, 9 అని వచ్చి ఒక్కసారిగా 16కి దూకుతుంది. అదే చిప్‌లో సెకన్ల రిజిస్టర్ (చిప్ లోపల విలువ దాచే చిన్న గది) పై బిట్ గడియారాన్ని ఆపే స్విచ్, మొదటిసారి కరెంట్ ఇచ్చినప్పుడు అది ఆపేసిన స్థితిలోనే లేస్తుంది. అన్నీ సున్నాలతో మొదలయ్యే ఎమ్యులేటర్‌లో ఇది ఎప్పటికీ బయటపడదు. అందుకే మా దగ్గర ఒకరు డ్రైవర్ రాస్తే ఇంకొకరు డేటాషీట్ విడిగా చదివి ఎమ్యులేటర్ రాయాలి, డ్రైవర్ కోడ్ చూడకూడదు. ఇద్దరి టైమ్ పోతుందని మేనేజర్లు సణుగుతారు, సణగనివ్వండి.

ఇంకో లోటు, బస్ మీద వేలాడే చిప్‌లకి ఇది ఎంత బాగుంటుందో ఎస్ఓసీ (బోర్డు మీది ప్రధాన ప్రాసెసర్ చిప్) లోపలి రిజిస్టర్లని నేరుగా తాకే డ్రైవర్లకి అంత పేలవం. క్లాక్, పిన్ సెట్టింగ్స్ లాంటివాటికి రిజిస్టర్ చదవడం, రాయడం ఇక్కడ మామూలుగా ఎటూ వెళ్లవు. వాటికి క్యూఈఎంయూ నయం, అది మొత్తం మెషీన్‌నే సాఫ్ట్‌వేర్‌లో నడిపే టూల్. అది ఆర్మ్ ఇన్‌స్ట్రక్షన్లనే నడిపిస్తుంది కాబట్టి అసెంబ్లీ, రీలొకేషన్ (యూ-బూట్ ర్యామ్‌లో వేరే చోటికి మారడం), ఎంఎంయూ (మెమరీ అడ్రస్‌లని చూసుకునే భాగం) అన్నీ పరీక్షకి వస్తాయి. అలైన్ కాని అడ్రస్ (ఉదాహరణకి నాలుగు బైట్ల డేటాకి 4తో భాగం పోనిది) నుంచి చదివితే ల్యాప్‌టాప్‌లోని ఎక్స్86 చూసీచూడనట్టు వదిలేస్తుంది, ఎంఎంయూ ఆన్ కాని ఆర్మ్ ఊరుకోదు, శాండ్‌బాక్స్‌లో ఆ తేడా కనపడదు. అయితే క్యూఈఎంయూలో మీ బోర్డు మోడల్ ఉండాలి, లేకపోతే కొత్తగా డివైస్ రాసి చేర్చడం శాండ్‌బాక్స్ ఎమ్యులేటర్ రాసినంత సులువు కాదు.

రెండూ కలిపినా పట్టుకోలేనివి కొన్ని ఉంటాయి. క్యూఈఎంయూ క్యాషెలని (ప్రాసెసర్ దగ్గరుండే వేగమైన మెమరీ) ఎమ్యులేట్ చేయదు, కాబట్టి డీఎంఏ (ప్రాసెసర్‌ని అడగకుండా డివైస్ నేరుగా ర్యామ్ తాకడం) ముందు క్యాషె ఫ్లష్ చేయడం, అంటే అందులోని డేటాని ర్యామ్‌కి పంపడం, మర్చిపోయినా అక్కడ డేటా సరిగ్గానే వస్తుంది, బోర్డు మీద చెత్త వస్తుంది. ర్యామ్ అక్కడ సున్నాలతో మొదలవుతుంది, బోర్డు మీది అసలు ర్యామ్ అయిన డీడీఆర్‌లో ఏముంటుందో దేవుడికే తెలియాలి. డీడీఆర్ ట్రైనింగ్ (ర్యామ్ టైమింగ్ సర్దుకోవడం), పుల్-అప్ రెసిస్టర్ (లైన్‌ని హై వోల్టేజ్‌లో ఉంచేది) లేని ఐ2సీ లైన్, రీసెట్ తర్వాత చాలినంత ఆగకపోవడం, వీటికి బోర్డే దిక్కు.

డాక్యుమెంటేషన్ సగం సగం. నడపడం ఎలాగో బాగానే రాశారు, కొత్త ఎమ్యులేటర్ రాయడం మాత్రం ఉన్నవాటి కోడ్ చదివే నేర్చుకోవాలి. ఈప్రామ్ ఎమ్యులేటర్‌తో మొదలుపెట్టండి, చిన్నది, ఒక్క పూటలో అర్థమవుతుంది.

నా రేటింగ్ 5కి 4. ఐ2సీ, ఎస్‌పీఐ డ్రైవర్లు రాసేవాళ్లు కళ్లు మూసుకుని వాడొచ్చు, ఎస్ఓసీ కొత్తగా లేపేవాళ్లకి పెద్దగా ఉపయోగం ఉండదు. వాడితే ఒక్క పని చేయండి. బోర్డు చేతికి రాగానే, డ్రైవర్ ఇంకా ఏమీ రాయని చిప్ నుంచి రిజిస్టర్లన్నీ ఐ2సీ కమాండ్‌తో చదివి, ఆ విలువలనే ఎమ్యులేటర్ మొదటి స్థితిగా పెట్టి టెస్టులు మళ్లీ నడపండి. కొన్ని ఫెయిలవుతాయి, అసలు డీబగ్గింగ్ అక్కడి నుంచి మొదలుపెట్టుకోవచ్చు.